తొట్టి పక్కన చోటు

గిబ్ మెల్డ్రమ్ పెద్దగా మాట్లాడడని మా ఫెర్రిక్ లోయలో ఎవరూ ప్రత్యేకించి చెప్పుకోలేదు. ఇక్కడ నాలుగు మాటలు కలిపి మాట్లాడేవాడే విడ్డూరం. పక్కింటి కప్పుకు నిప్పంటుకున్నా మావాళ్ళు తలుపు తట్టి, వాన సంగతి రెండు ముక్కలు మాట్లాడి, ఆ తర్వాతే విషయానికి వస్తారు. దీన్ని మేము మర్యాద అంటాం. ఆ మర్యాద ఒక మంచి మనిషి ప్రాణం తీసింది కాబట్టి నేను మాత్రం దాన్ని వెనకేసుకురాదలచుకోలేదు.

గిబ్ కలప కోత మిల్లులో పనిచేసేవాడు. ఆరడుగుల మీద రెండంగుళాలు, తలుపంత వీపు. పెళ్ళి కాలేదు. తల్లి పోయాక మిల్లు వాళ్ళిచ్చిన రెండు గదుల ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. పందొమ్మిదో ఏట మిల్లులో విరిగిన కొక్కెం ఒకటి పట్టుకుని ఆండ్రూ రెట్టీ కొలిమికి వెళ్ళాడు. ఇనుము కాలేదాకా ఊరికే నిలబడలేక, గోడవారనున్న గుండును ఒంటిచేత్తో ఎత్తి చూశాడు. రెట్టీ సమ్మెట దించి అతనికేసి చూశాడు.

"ఎత్తడం గాడిద కూడా ఎత్తుతుంది. విసరగలవా?" అన్నాడు.

విసిరాడు. పద్దెనిమిది అడుగుల అవతల పడింది. రెట్టీ నవ్వలేదు, మెచ్చుకోలేదు, "బుధవారం సాయంత్రం రా" అన్నాడు. ఆ బుధవారం మొదలు పదిహేడేళ్ళ పాటు గిబ్ ఆ కొలిమి వెనక దొడ్డి వదల్లేదు.

ఆ గుండు యాభై ఆరు పౌన్లు. దానికి జానెడు గొలుసు, గొలుసు చివర కడియం. కడియం ఒంటిచేత్తో పట్టుకుని, తొమ్మిదడుగుల నేలలో తిరిగి, ముందు పాతిన అడ్డదుంగ దాటకుండా విసరాలి. ఏటా ఆగస్టులో మా మైదానంలో జరిగే పోటీల్లో బ్యాగ్‌పైపు వాయిద్యాలూ డాన్సులూ పట్నం నుంచి వచ్చినవాళ్ళ కోసం. లోయవాళ్ళ కళ్ళు మాత్రం గుండు మీదే ఉంటాయి. మా మైదానంలో వాడే ఆరు గుండ్లకూ గొలుసులు, కడియాలు రెట్టీ చేతి పనే. అతని తండ్రి, తాత, ముత్తాత కూడా ఇక్కడే కమ్మర్లు. చర్చి దొడ్డిలో వాళ్ళ సమాధి రాళ్ళ మీద పేరు కింద సమ్మెట, దాని మీద కిరీటం చెక్కి ఉంటాయి. కమ్మరివాడి రాయి అలాగే ఉండాలి మా దగ్గర.

గుండు విసరడంలో మా లోయలో ఇంకెవరూ దాటని హద్దు కూడా రెట్టీదే. పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిదిలో ముప్పై నాలుగు అడుగుల రెండంగుళాలు విసిరాడు. ఊరి హాలులో చెక్కబోర్డు మీద బంగారు రంగుతో రాసి ఉంది. అది దాటడమే గిబ్ బతుకులో పెట్టుకున్న ఒకే ఒక్క కోరిక. పైకి ఎప్పుడూ అనలేదు గాని, రెట్టీకి తెలుసు, రెట్టీ భార్య బెథియాకు తెలుసు, మా అందరికీ తెలుసు.

"చెయ్యి తాడురా అబ్బాయ్," అనేవాడు రెట్టీ, ముప్పై దాటిన గిబ్‌ను కూడా. "తాడు లాగుతుందా ఎక్కడైనా? లాగేది నడుము. నడుము ముందు పోవాలి, చెయ్యి వెనక రావాలి. నువ్వేమో ముందే చెయ్యి ముడిచి గుండుని చంకలో పెట్టుకుందామని చూస్తావు. అదేమన్నా కోడిపిల్లా?"

"అలాగే రెట్టీ గారూ."

"అలాగే అనడం కాదు. మళ్ళీ తిప్పు. మోకాలు వంచు. అంతెత్తు మనిషివి, నేల మీదకి దిగడానికి నామోషీ ఏంటి నీకు?"

బాగా పడిన రోజున "దరిద్రంగా లేదు" అనేవాడు. అంతకు మించిన మెచ్చుకోలు రెట్టీ నోట ఎవరూ వినలేదు. పదిహేడేళ్ళలో గిబ్ అది నాలుగుసార్లు విన్నాడు. బుధవారాలూ శనివారాలూ విసిరాక బెథియా వంటింట్లో టీ, ఓట్స్ పిండి రొట్టె. సొంత పిల్లలు లేని ఇల్లు. గిబ్ కుర్చీ ఫలానా అని ఎవరూ అనలేదు గాని, కిటికీ పక్క కుర్చీలో వేరేవాడు కూర్చుంటే బెథియా లేపేసేది.

రెట్టీ నేర్పింది పాత పద్ధతి. గుండును అటొకసారి ఇటొకసారి ఊపి, ఒక్క చుట్టు తిరిగి వదిలెయ్యడం. ఆ పద్ధతిలో వేళ్ళ నుంచి కడియం జారితే గుండు కుడివైపే పోతుంది. నలభై ఏళ్ళలో తొమ్మిదిసార్లు జారింది, తొమ్మిదిసార్లూ కుడివైపు పొరుగువాడి టర్నిప్ మళ్ళలోనే పడింది. అందుకని విసరనివాళ్ళు ఎడమవైపు, కొంచెం వెనకగా, గుర్రాలు నీళ్ళు తాగే రాతి తొట్టి పక్కన నిలబడాలి. ఇది రెట్టీ తండ్రి పెట్టిన నియమం. తొట్టి పక్కన ఉన్నవాడు తల్లి ఒళ్ళో ఉన్నట్టేనని రెట్టీ అనేవాడు. కొత్తవాడెవడైనా వేరేచోట నిలబడితే చెవి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళేవాడు.

ముప్పై ఐదేళ్ళు వచ్చేసరికి గిబ్ ముప్పై ఒక్క అడుగుల ఎనిమిదంగుళాల దగ్గర ఆగిపోయాడు. మూడేళ్ళుగా అంగుళం కదల్లేదు. ఒళ్ళు ఇక పెరగదు, బలం ఇక రాదు. రాబోయేదల్లా తగ్గడమే. ఆ ఏడాది అవతలి లోయ పోటీలకు కెనడా నుంచి ఒక మనిషి వచ్చాడు. గిబ్ కంటే పొట్టి, గిబ్ కంటే సన్నం. రెండు చుట్లు తిరిగి ముప్పై ఎనిమిది విసిరాడు. జనమంతా గుండు ఎక్కడ పడిందో చూస్తుంటే గిబ్ ఆ మనిషి కాళ్ళకేసి చూశాడు. మొదటి చుట్టు నెమ్మది, గుండుకు దారి చూపించడానికి మాత్రమే. ఎడమ మడమ నేలను వదలకుండా తిరిగింది, కుడి పాదం పిల్లిలా చప్పుడు లేకుండా వచ్చి దిగింది. రెండో చుట్టుకు నడుము గుండును దాటి ముందుకు పోయింది. చెయ్యి నిజంగానే తాడులా వెనక వేలాడింది. రెట్టీ ఇన్నాళ్ళూ చెప్పింది ఇదే కదా అనిపించింది గిబ్‌కు. ఈ మాటే వెళ్ళి రెట్టీకి చెప్పి ఉంటే ఎంత బాగుండేది. చెప్పలేదు. "అక్కడొకడు రెండు చుట్లు తిరిగాడు" అని మాత్రం అన్నాడు.

"రెండు చుట్లా? గుండు విసరడానికి వచ్చాడా, పెళ్ళిలో గంతులెయ్యడానికి వచ్చాడా?"

"ముప్పై ఎనిమిది పడింది."

"కళ్ళు తిరిగి పడలేదూ?" అని రెట్టీ సమ్మెట అందుకున్నాడు.

గిబ్ ఆ శీతాకాలమంతా మిల్లు వెనక రంపపు పొట్టు గుట్టల మధ్య ఒక్కడే సాధన చేశాడు. గోనెసంచిలో ఇసుక నింపి గొలుసు కట్టాడు. మొదట గుండు లేకుండా కాళ్ళు మాత్రమే, రోజుకు రెండు వందల చుట్లు. తర్వాత ఇసుక సంచి. తర్వాత అసలు గుండు. మొదటి చుట్టులో తొందరపడితే రెండో చుట్టులో అంతా పాడవుతుందని నెలకు తెలిసింది. కుడివైపు గుండు మోకాలి కిందికి దిగాలి, ఎడమవైపు భుజం దాకా లేవాలి అని తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. వసంతానికి ముప్పై మూడు దాటాడు. జూన్లో ఒక పొద్దున మిల్లు టేపుతో కొలుచుకుంటే ముప్పై ఐదు. చూసినవాడు లేడు, కాబట్టి అది లెక్కలోది కాదు.

ఆ నెలల్లోనే ఇసుక సంచో గుండో మూడుసార్లు చేయి జారింది. మూడుసార్లూ ఎడమవైపు వెనక్కి పోయింది. మొదటిసారి ఏదో పొరపాటనుకున్నాడు. మూడోసారి పొట్టు గుట్ట మీద కూర్చుని ఆలోచించాడు. ఒక్క చుట్టు మనిషికి గుండు ఎడమ పక్కకు వచ్చేసరికి ఇంకా ఊపే ఉండదు, అక్కడ జారినా కాళ్ళ దగ్గర పడుతుంది. రెండు చుట్ల మనిషికి అదే చోట అది పూర్తి వేగంలో ఉంటుంది. రెట్టీ దొడ్డిలో అడ్డదుంగ దగ్గర నిలబడి ఎడమవైపు వెనక్కి చూస్తే ఏముంటుంది? తొట్టి ఉంటుంది. గిబ్‌కు ఇది స్పష్టంగా అర్థమైంది. ఆరోజు జూన్ ఇరవై. నాకు తేదీతో సహా తెలుసు, ఎందుకంటే తర్వాత తనే చెప్పాడు.

రెట్టీకి ఈ సాధన సంగతి ఎవరో ఊదారు. రెండు నెలలు గిబ్‌తో ముభావంగా ఉన్నాడు. బెథియా మధ్యలో నలిగిపోయి, "ముసలాయన బెట్టు నీకు తెలీందా, పట్టించుకోకు" అని రొట్టె ముక్క ఇంకొకటి పళ్ళెంలో వేసేది. జూలై చివర ఒకరోజు రెట్టీ తనంతట తనే మిల్లు గేటు దాకా వచ్చాడు. వాన గురించి మాట్లాడాడు. గడ్డి కోతల గురించి మాట్లాడాడు. వెళ్ళబోతూ, "శనివారం పొద్దున తీసుకురా నీ డాన్సు. చూస్తాను" అన్నాడు.

డెబ్బై దాటిన మనిషి తన హద్దు దాటే పద్ధతిని తన దొడ్డిలో చూడడానికి ఒప్పుకున్నాడు. రెట్టీ లాంటివాడికి అది చిన్న విషయం కాదు. గిబ్ ఆ రెండు రాత్రులూ నిద్రపోలేదంటే నమ్మవచ్చు.

శనివారం పొద్దున వాన వెలిసింది. బెథియా రోడ్డు మీద ఆగిన సరుకుల వ్యానుకు వెళ్ళింది. రెట్టీ అడ్డదుంగ సరిచేశాడు. టేపు పరిచి, ముప్పై నాలుగు అడుగుల రెండంగుళాల దగ్గర స్వయంగా మేకు పాతాడు. తర్వాత వెళ్ళి తొట్టి పక్కన నిలబడి, రాతి అంచు మీద చెయ్యి ఆనించి, పైపు వెలిగించుకున్నాడు.

గిబ్ చూశాడు. ఇటు జరగండి అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. రెండే మాటలు. కానీ ఆ నియమం రెట్టీ తండ్రిది, దొడ్డి రెట్టీది. రెండు నెలల అలక మాని వచ్చిన మనిషితో, మీ డెబ్బై ఏళ్ళ లెక్క తప్పింది, పక్కకి నిలబడండి అని ఎలా అనడం? అంటే, "చూశావా, నీ డాన్సు మనుషుల్ని చంపే రకం" అని తిప్పి అంటాడు, అక్కడితో ఈ పొద్దు అయిపోతుంది. మూడు విసుర్లే కదా, గట్టిగా పట్టుకుంటాను, జారనివ్వను అనుకున్నాడు. చేతులు గడ్డికి తుడుచుకున్నాడు. గడ్డి తడిగా ఉంది.

మొదటిది ముప్పై మూడు. రెండోది మేకుకు జానెడు అవతల పడింది. రెట్టీ నడుచుకుంటూ వెళ్ళాడు, వంగి గుంట చూశాడు, టేపు పెట్టి చూశాడు. ముప్పై నాలుగు అడుగుల పదకొండంగుళాలు. మళ్ళీ అంత దూరమూ నడుచుకుంటూ తొట్టి పక్కకే వచ్చి నిలబడ్డాడు.

"దరిద్రంగా లేదు," అన్నాడు. పైపు నోట్లోంచి తీసి, "కుడి పాదం ఇంకా తొందరగా దించు. అప్పుడు చూడు" అన్నాడు.

రెండు చుట్ల పద్ధతికి రెట్టీ చెప్పిన మొదటి పాఠం అది, చివరిది కూడా. గిబ్ ఆ మాట పట్టుకుని మూడోసారి తిరిగాడు. కుడి పాదం తొందరగా దించాడు. ఇదివరకు ఎప్పుడూ లేనంత వేగం వచ్చింది. తడి వేళ్ళలోంచి కడియం జారిపోయింది.

గుండు రెట్టీ ఛాతీకి తగిలి, అక్కణ్ణుంచి తొట్టి అంచుకు కొట్టుకుంది. రాతికి తగిలిన దెబ్బకు కడియం అతుకు దగ్గర విచ్చుకుంది. బెథియా సరుకుల బుట్టతో వచ్చేసరికి గిబ్ మోకాళ్ళ మీద కూర్చుని రెట్టీ తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. డాక్టరు వచ్చేలోపే అంతా అయిపోయింది.

పట్నం నుంచి పోలీసాయన వచ్చాడు. విచ్చుకున్న కడియం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "అతుకు ఊడిందన్నమాట" అన్నాడు. అడిగినట్టే అడిగి, జవాబు తనే చెప్పుకున్నాడు. గిబ్ తలూపాడు.

ఆ ఒక్క తలూపడంతో పదకొండేళ్ళు గడిచాయి.

రెట్టీ అతుకు ఊడి రెట్టీయే పోయాడన్న మాట వారంలో లోయంతా పాకింది. మావాళ్ళు మాట్లాడరు గాని పనులు మాత్రం చేస్తారు. ట్రైలర్లకు రెట్టీ వేసిన కొక్కేలు ఒక్కొక్కటే కోయించి పట్నంలో కొత్తవి వేయించుకున్నారు. గేట్ల బందులు మార్పించారు. ఒక రైతు తన గుర్రపు బండి ఇరుసు తీసి కొలిమి గుమ్మం ముందు పారేసి పోయాడు. ఆ ఇరుసు ముప్పై ఏళ్ళు బండిని మోసింది, ఇంకో ముప్పై మోసేది. చచ్చినవాడు తిరిగి జవాబు చెప్పలేడు కదా.

బెథియా భర్తను ఎంత ప్రేమించిందో అంత కోపం పెంచుకుంది అతని మీద. ఇనుము పెట్టి కొట్టే దాగలి అమ్మేసింది, కొలిమికి తాళం వేసింది. సమాధి రాయి మీద పేరు, రెండు తేదీలు మాత్రం చెక్కించింది. రాతిపనివాడు సమ్మెట, కిరీటం సంగతి అడిగితే, "ఏ పని ఆయన్ని తీసుకుపోయిందో దాన్నే ముద్దుగా బొమ్మ చెక్కించాలా?" అంది. మూడు తరాల రెట్టీల పక్కన ఆ ఒక్క రాయి బోడిగా ఉండిపోయింది.

గిబ్ మళ్ళీ గుండు ముట్టలేదు. ఆరోజు పడిన ముప్పై నాలుగు అడుగుల పదకొండంగుళాల సంగతి ఎవరికీ చెప్పలేదు. బుధవారం, శనివారం మాత్రం బెథియా ఇంటికి వెళ్ళేవాడు. కట్టెలు చీల్చేవాడు, కాలువ తోడేవాడు, ఇంటి కప్పు బాగుచేసేవాడు. కిటికీ పక్క కుర్చీ అలాగే ఉంది. టీ, రొట్టె అలాగే ఉన్నాయి. ఏడాదికి రెండు మూడుసార్లు ఆవిడ ఉన్నట్టుండి అడిగేది.

"కడియం చేత్తో పట్టుకున్నది నువ్వే కదా. ముందు రెండు విసుర్లలో వదులుగా అనిపించలేదూ?"

"తెలీలేదు మిసెస్ రెట్టీ."

"లోయలో ప్రతి గుర్రానికీ లాడం కొట్టాడు మహానుభావుడు. తన ప్రాణం మీదికొచ్చే అతుకు దగ్గర మాత్రం ధ్యాస ఎక్కడ పెట్టుకున్నాడో."

గిబ్ తేలు కుట్టిన దొంగలా టీ కప్పులోకి చూస్తూ కూర్చునేవాడు. చెబితే రెట్టీ పేరు నిలుస్తుంది, కానీ ఈ తలుపు మూసుకుపోతుంది. చెప్పకపోతే తలుపు తెరిచే ఉంటుంది, కానీ లోపల కూర్చున్న ప్రతిసారీ ఆ ముసలాయన మీద ఇంకో పిడికెడు మన్ను పోసినట్టే. అతనికి వేరే ఇల్లు లేదు. పిరికివాడు అనండి, నేను కాదనను. కానీ లోకంలో తనకున్న ఒకే ఒక్క కుర్చీని చేతులారా కాలదన్నుకోవడం మనలో ఎంతమందికి చేతనవుతుందో కాస్త ఆలోచించి అనండి.

పంతొమ్మిదివందల ఎనభై రెండు మే నెలలో పోటీల కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు ఫోర్బ్స్ మాస్టారు, బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాడు, పోటీల రోజు మైకు కూడా ఆయనదే. పాత గుండ్లు మార్చాలన్నారు.

"బీమా వాళ్ళు అడుగుతున్నారు. రెట్టీ అతుకుల మీద నమ్మకం లేదని రాశారు. కొత్తవి తెప్పిద్దాం. పాత ఆరూ తుక్కు లారీకి వేసేద్దాం. బెథియాకీ చెప్పాను, తీసుకుపొమ్మంది," అన్నాడు మాస్టారు. "ఎవరికైనా అభ్యంతరమా?"

అభ్యంతరం ఎవరికీ లేకపోయింది. గిబ్ కమిటీలో సభ్యుడు. చేతులెత్తమంటే అతని చెయ్యి కూడా సగం లేచింది. ఇంటికెళ్ళి ఆ చేతికేసి చాలాసేపు చూసుకున్నాడట.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం, రోజు కాని రోజున, బెథియా వాకిట్లో నిలబడ్డాడు. ఆవిడ పొయ్యి మీద బార్లీ సూపు కలుపుతోంది.

"ఇవాళ బుధవారమా ఏంటి? కూర్చో. మొహం వేలాడేసుకుని నిలబడ్డావేం?"

గిబ్ కూర్చోలేదు. టోపీ చేతిలో పట్టుకుని, నిలబడే చెప్పాడు. కడియం ఊడి జారలేదు, జారి తగిలాక ఊడింది. తడి చేతులు తనవి. జూన్ ఇరవై నుంచీ తొట్టి పక్క చోటు ప్రమాదమని తెలుసు. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆవిడ గరిటె తీసి పక్కన పెట్టింది.

"నువ్వు చూశావా, ఆయన అక్కడ నిలబడ్డం?"

"చూశాను."

"ప్రమాదమని ఆ క్షణంలో గుర్తుందా?"

"ఉంది."

"మరి నోట్లో ఏముంది?"

"చెబుదామనుకున్నాను. ఆయన వచ్చిందే గొప్ప. కోపం తెచ్చుకుని వెళ్ళిపోతారని..."

"కోపం తెచ్చుకుని వెళ్ళిపోతే ఇంట్లోకొచ్చి భోంచేసేవాడు కదరా." ఆవిడ గొంతు పెంచలేదు. "పోనీ, అది ఒక్క క్షణం. మనుషులం, తప్పు జరుగుతుంది. ఆ తర్వాత నేనెన్నిసార్లు అడిగాను నిన్ను? ఆ కుర్చీలో కూర్చుని నా రొట్టె తింటూ, తెలీదు, తెలీదు అన్నావు. పదకొండేళ్ళు నా చేత నా మొగుణ్ణి తిట్టించావు. ప్రతి ఆదివారం ఆ బోడి రాయి ముందు నిలబడి ఏం మాట్లాడేదాన్నో తెలుసా నీకు? పనిచేతకాని వెధవ అనేదాన్ని. చచ్చినవాణ్ణి."

గిబ్ టోపీ పెట్టుకోబోయి, మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు చెప్పి లాభం లేదు," అంది సూపు గిన్నె పొయ్యి మీంచి దించి. "ఆయన పేరు నా ఒక్కదాని దగ్గర పోలేదు. పోటీల రోజు మైదానంలో చెప్పు, మైకులో. పేరు పోయినచోటే రావాలి. చెప్పాక ఈ గుమ్మం ఎక్కకు. చెప్పకపోయినా ఎక్కకు."

గుండ్లు తుక్కు లారీ ఎక్కలేదు. ఆవిడే వెళ్ళి ఆపించింది, కారణం మాత్రం చెప్పలేదు. ఆగస్టులో పోటీల రోజున గుండు విసిరే వేళకు ఫోర్బ్స్ మాస్టారు బిత్తరపోతూ మైకు గిబ్ చేతికిచ్చాడు. అంతమంది ముందు గిబ్ నోరు తెరవడం అదే మొదలు.

"ఆండ్రూ రెట్టీ గారి అతుకు ఊడలేదు," అన్నాడు. "నా చెయ్యి జారింది. గుండు రాతికి తగిలి కడియం విచ్చుకుంది. ఆయన నిలబడ్డ చోటు మంచిది కాదని నాకు తెలుసు, జరగమని చెప్పలేదు. పోలీసులు అడిగితే అబద్ధానికి తలూపాను. ఆయన వేసిన అతుకు ఏ ఒక్కటీ ఊడినట్టు నేను చూళ్ళేదు. రెండు చుట్లు తిరిగేవాళ్ళుంటే వాళ్ళ ఎడమవైపు ఎవరినీ నిలబెట్టకండి."

చప్పట్లు లేవు, తిట్లు లేవు. మా జనం కదా. ఎవడో దగ్గాడు. ఇరుసు పారేసి పోయిన రైతు తన బూట్లకేసి చూసుకున్నాడు. ఎడమవైపు తాడు దగ్గరున్న వాళ్ళు ఒక్కొక్కరే లేచి ఇవతలికి వచ్చేశారు. గిబ్ మైకు మాస్టారికిచ్చి, గుంపులోంచి నడిచిపోతుంటే దారిచ్చారు గాని, ఒక్కడూ భుజం తట్టలేదు. పోటీ రెట్టీ గుండ్లతోనే జరిగింది. ఒక కుర్రాడు రెండు చుట్లు తిరిగి ముప్పై ఆరు విసిరాడు. బెథియా ముందు వరసలో కూర్చుని చివరి విసురు దాకా చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయింది.

పోలీసులు గిబ్‌ను పిలిపించి రెండు కాగితాలు రాయించుకున్నారు. కేసేదీ కాలేదు. అయ్యుంటే అతనికి కొంత నయంగా ఉండేదేమో. అక్టోబరులో రాతిపనివాడు వచ్చి రెట్టీ రాయి మీద సమ్మెట, కిరీటం చెక్కాడు. కొత్తగా చెక్కిన చోటు తెల్లగా ఉంటుంది, పాతదానిలో కలవడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

ఆ చలికాలం మంచు తొందరగా పడింది. మిల్లు లారీలో వస్తూ గిబ్ ఒక సాయంత్రం బెథియా ఇంటి ముందు వేగం తగ్గించాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి పెరట్లో గొడ్డలి పట్టుకుని దుంగతో కుస్తీ పడుతోంది. గొడ్డలి పక్కకి దిగింది. ఇంకోసారి ఎత్తింది, అదీ పక్కకే. ఆవిడ తలెత్తి లారీని చూసింది, ఎవరిదో గుర్తుపట్టింది, మళ్ళీ గొడ్డలి ఎత్తింది. గిబ్ లారీ ఆపలేదు.

ఇంటికెళ్ళి తన పెరట్లో కట్టెలు చీల్చాడు. బుధవారం చీల్చాడు, శనివారం చీల్చాడు. వసంతం వచ్చేసరికి ఒంటరి మనిషి పెరట్లో రెండిళ్ళకు సరిపోయే కట్టెలు గోడెత్తు పేరుకుని ఉన్నాయి, ఎవరూ వచ్చి అడగలేదు.